రోమన్ బ్లైండ్: గుడ్డ, కొలత, తాడు



ఈ మధ్య మన సంఘంలో నలుగురు కలిస్తే చాలు, కిటికీల మాటే వస్తోంది. గైబీ నగర్‌లో పాత చాళ్ళు పోయి నాలుగంతస్తుల బిల్డింగులు లేచాయి. అద్దాల స్లైడింగ్ కిటికీలు వచ్చాయి. ఎదురింటి కిటికీకీ మన కిటికీకీ మధ్య చేయి చాచేంత ఎడమే ఉంది. అందుకని పరదాలకు బదులు రోమన్ బ్లైండ్లు వేయించుకుందామని చాలామంది అనుకుంటున్నారు. ఏ షాపు మంచిది, చదరపు అడుగుకు ఎంత అని మమ్మల్నీ అడిగారు. షాపుల పేర్లు, ధరలు మేము చెప్పం. ఆ వస్తువు ఎలా పుట్టింది, దానిలో ఏముంది, ఎలా కొలవాలి అన్నది మాత్రం మా అలవాటు ప్రకారం కాస్త పొడుగ్గా రాస్తున్నాం. తీరిగ్గా చదవండి.

ముందు వస్తువేమిటో చెప్పుకుందాం. పరదా రెండు పక్కలకీ జరుగుతుంది. రోమన్ బ్లైండ్ కింద నుంచి పైకి మడతలు మడతలుగా లేస్తుంది. పైన ఒక చెక్కపట్టీ ఉంటుంది. దానికి ఒకే సాపు గుడ్డ వేలాడుతుంది. గుడ్డ వెనక అడ్డంగా సన్నని కడ్డీలు, కడ్డీలకు చిన్న రింగులు, రింగుల్లోంచి తాళ్ళు. తాడు లాగితే కడ్డీలు ఒకదాని వెనక ఒకటి పైకి వెళ్తాయి, వాటి మధ్య గుడ్డ మడత పడుతుంది. వదిలితే మళ్ళీ చదునుగా దిగుతుంది. అంటే ఇందులో ఉన్నవి మూడే: గుడ్డ, కొలత, తాడు. మూడింటికీ మన ఊరితో సంబంధం ఉంది.

రోమ్ పేరు, కల్యాణ్ రేవు

రోమన్లు కిటికీలకు తడిగుడ్డలు కట్టుకునేవారని, ఈ పేరు అందుకే వచ్చిందని అమ్మేవాళ్ళు చెబుతుంటారు. ఆ కథ జోలికి మేము వెళ్ళం. రాతిమీదా ఇసుకలోనూ ఆధారం దొరికిన సంగతులే చెబుతాం.

రోమ్ నగరంలో క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియం అనే పెద్ద ఆటస్థలం పైన ఎండ తగలకుండా గుడ్డ పందిరి లాగేవారు. ఆ పని చేసింది దర్జీలు కాదు, పడవల మీద పనిచేసే నావికులు. అంత పెద్ద గుడ్డను తాళ్ళతో ఆడించడం తెరచాపలు ఎత్తేవాళ్ళకే తెలుసు. క్రీ.శ. 79లో బూడిద కింద మునిగిపోయిన పాంపేయ్ ఊరి గోడల మీద ఆటల ప్రకటనలు దొరికాయి. నీడకు గుడ్డలు కూడా ఉంటాయని వాటిలో ప్రత్యేకంగా రాసేవారు. ఇప్పుడు మనం ‘ఏసీ ఉంది’ అని రాసుకున్నట్టు.

ఇంతకన్నా దగ్గరి సంగతి తెరచాపది. ఆ కాలపు రోమన్ ఓడ తెరచాప మీద వరుసలు వరుసలుగా చిన్న రింగులు కుట్టేవారు. చాప కింది అంచు నుంచి తాళ్ళు ఆ రింగుల్లోంచి పైకి వెళ్ళి, అడ్డదూలం దాటి, వెనక నిలబడ్డ మనిషి చేతికి వచ్చేవి. తాళ్ళు లాగితే చాప కింద నుంచి పైకి మడత పడేది. గాలి ఎక్కువైతే కొంత ఎత్తడం, తగ్గితే దించడం. మీ ఇంట్లో రోమన్ బ్లైండ్ ఉంటే వెనక్కి తిప్పి చూడండి, పని అదే.

ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టులో బెరెనికె, మయోస్ హొర్మోస్ అనే రెండు పాత రేవులున్నాయి. మన దేశానికి ఓడలు బయల్దేరింది అక్కడి నుంచే. ఆ రెండు చోట్లా తవ్వినప్పుడు తెరచాప రింగులు, తెరచాప గుడ్డ ముక్కలు దొరికాయి. గుడ్డ నారది కాదు, నూలుది. పైగా నూలు పురి చూసి నిపుణులు ఒక మాట చెప్పారు. ఈజిప్టులో నూలు వడికితే పురి ఒక వైపు తిరుగుతుంది, మన దేశంలో వడికితే రెండో వైపు. ఈ ముక్కల పురి మన వైపుది. పురి చూసి నూలు ఎక్కడిదో చెప్పడం మన సాలెల ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు కొత్త విద్య కాదు. రోమ్ ఓడల మీద రింగుల్లోంచి తాడు లాగి మడిచిన గుడ్డ, కనీసం కొంతయినా, మన దేశంలో నేసిందన్నమాట.

ఆ గుడ్డ ఏ ఊరిదో ఎవరూ చెప్పలేరు. కానీ అదే కాలంలో, అంటే మొదటి శతాబ్దంలో, ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో ‘కల్లియేన’ అనే రేవు పేరుంది. అది మన పక్కనున్న కల్యాణే. అప్పుడు ఈ తీరం కోసం శాతవాహనులు, క్షత్రపులు పోట్లాడుకుంటున్నారు. శాతవాహనుల పైఠాన్ పేరూ, తగర అనే ఊరి పేరూ అందులో ఉన్నాయి. తగర అంటే ఇప్పటి ధారాశివ్ జిల్లాలోని తేర్. అక్కడి నుంచి ముతక గుడ్డ, సన్న గుడ్డ బళ్ళ మీద తీరానికి దిగేవని రాశాడు. దక్కను నుంచి గుడ్డ ఈ కనుమలు దిగి సముద్రానికి రావడం రెండు వేల ఏళ్ళ నాటి దారి. 1854లో రైలు కల్యాణ్ చేరేనాటికి ఆ దారి అప్పటికే ఎంతో పాతది.

జన్నల్, కిటికీ, ఖిడ్కీ

మేము చదువుకున్నది తమిళ మాధ్యమంలో. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. బళ్ళో కిటికీని జన్నల్ అనేవారు. చాలా ఏళ్ళు అది అచ్చ తమిళం అనుకున్నవాళ్ళే మా తరగతిలో ఎక్కువ. అది పోర్చుగీసు మాట, జనెల. అల్మారా, చాబీ కూడా ఆ ఓడల్లో దిగినవే. ఇక్కడికి దగ్గర్లోని వసయీ కోట 1739లో మరాఠాలు గెలిచేదాకా రెండు వందల ఏళ్ళు పోర్చుగీసువాళ్ళ చేతిలో ఉంది.

మాట బయటిదైనా ఎండను ఆపే పని మనదే. వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం. వెదురు పుల్లల చిక్ తెరలు చుట్టి పైకి కట్టేవాళ్ళం. గైబీ నగర్‌లో మన ఉర్దూ పొరుగువాళ్ళు ఇప్పటికీ ‘చిక్ గిరా దో’ అంటారు. పైకి ఎత్తే తెర మనకు కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా మడత లెక్క.

గుడ్డ: పన్నా ఎంత?

ఇప్పుడు మన ఊరి సంగతి. 1857 తర్వాత ఉత్తరాది నుంచి మోమిన్ అన్సారీ నేతగాళ్ళు భివండీకి వచ్చి మగ్గాలు వేశారు. తర్వాత మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు వచ్చారు. పద్మనగర్ అంటేనే తెలుగువాళ్ళ వాడ అయింది. మనలాగా కొన్ని కుటుంబాలు ఇటు గైబీ నగర్‌లో స్థిరపడ్డాయి. రెండు వైపులవాళ్ళదీ నేతే, భాషే వేరు. చేతిమగ్గం పోయి సాంచెలు వచ్చాయి. 1982 జనవరి 18న ముంబై మిల్లు కార్మికులు సమ్మెకు దిగాక ఆ పని చాలా వరకు ఇటు సాంచెల మీదికి మళ్ళింది. ఇక్కడా షోలాపూర్‌లోనూ పని నేర్చుకుని తిరిగి వెళ్ళినవాళ్ళే సిరిసిల్లలో సాంచెలు నిలబెట్టారు.

కార్ఖానాలో కిటికీ ఎందుకు మూసి ఉంటుందో మన పిల్లలకు తెలియదు. పొడి గాలి తగిలితే నూలు పడుగు పుటుక్కున తెగుతుంది. చెమ్మ ఉండాలి. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో ఇందుకోసం షెడ్లలోకి ఆవిరి వదిలేవారు. పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతుంటే 1889లో ఆ చెమ్మకు హద్దు పెడుతూ చట్టం చేశారు. మన దగ్గర ఆవిరి లేదు, కిటికీ మూయడమే. నూలు బాగుండటానికి కిటికీ మూసి, మనిషి ఉక్కలో నిలబడ్డాడు. ఆ నేతగాడి ఇంటి కిటికీకి ఇన్నాళ్ళకు ఒక మంచి గుడ్డ వేలాడబోతోంది. అందుకే దీన్ని చిన్న విషయంగా మేము చూడం.

మన సాంచెల మీద దిగేది ఎక్కువగా కోరా గుడ్డ. రంగు, అద్దకం వేరే ఊళ్ళల్లో అవుతాయి. అదే గుడ్డ లైనింగుగానో, పరదాగానో పేరు మార్చుకుని షాపుకు వస్తుంది. షాపులో పువ్వు, రంగు చూసే ముందు మన పెద్దలు అడిగే ప్రశ్నే అడగండి: పన్నా ఎంత?

ఎందుకంటే రోమన్ బ్లైండ్ ఒకే పన్నాలో రావాలి. మధ్యలో కుట్టు పడితే మడత దగ్గర ఉబ్బుతుంది, ఎండ పడితే కుట్టు గీతలా కనిపిస్తుంది. పరదా గుడ్డలు సాధారణంగా 54 అంగుళాల పన్నాతో వస్తాయి, అంటే 137 సెంటీమీటర్లు. పక్క మడతలు, అంచులు పోగా సుమారు 125 సెంటీమీటర్ల వెడల్పు దాకా ఒకే బ్లైండ్ వస్తుంది. అంతకన్నా వెడల్పు కిటికీ అయితే రెండు బ్లైండ్లు పక్కపక్కన వేయించండి. అతుకు వేయించకండి.

నూలు గుడ్డ అయితే కుట్టే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టించాలి. 145 సెంటీమీటర్ల పొడవులో నూటికి 4 వంతులు కుదించుకుపోయినా దాదాపు 6 సెంటీమీటర్లు పోతాయి, కింద అద్దం బయటపడుతుంది. మన వానాకాలానికి నూలు, పాలిస్టర్ కలిసిన గుడ్డ మేలు, త్వరగా ఆరుతుంది, బూజు అంత తొందరగా పట్టదు. మరీ మందమైన వెల్వెట్ రకాలు వద్దు, మడత సరిగా పడదు. సాంచెల దగ్గరున్న ఇళ్ళకు ఇంకో మాట: నూలు దుమ్ము మడతల్లో చేరుతుంది. గరుకు నేత కాకుండా నున్నని, బిగువైన నేత తీసుకోండి. వారానికోసారి దించి, మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి దులపండి. గుడ్డను పట్టీకి వెల్‌క్రోతో అతికించేలా చేయిస్తే ఊడదీసి ఉతకడం సులువు.

కొలత: మూర నుంచి మిల్లీమీటరు దాకా

మన తాతలు మూరతో కొలిచారు. తమిళంలోనూ అదే, ముళం. మోచేతి నుంచి వేలి కొన దాకా. పూలకు అది చాలు, ఎవరి చేయి పొడుగైతే వారికి లాభం. గుడ్డకు గజం వచ్చింది, 36 అంగుళాలు, 91.44 సెంటీమీటర్లు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలై, 1962 నాటికి దేశమంతా మీటరుకు మారింది. మారిందని కాగితం చెబుతుంది. కార్ఖానాలో పన్నా ఇప్పటికీ అంగుళాల్లోనే, తాకా పొడవు మీటర్లలో. దర్జీ టేపు మీద ఇంచీలు, కిటికీవాడి టేపు మీద మిల్లీమీటర్లు. మేము రైల్వేలో పార్సిళ్ళ లెక్క చూసినవాళ్ళం. రెండు రకాల కొలతలు ఒకే కాగితం మీద కలిస్తే తగాదా తప్పదని మాకు బాగా తెలుసు. కాబట్టి ఇంట్లో ఒక్కటే నియమం: అంతా సెంటీమీటర్లలో, ఉక్కు టేపుతో. గుడ్డ టేపు సాగుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది బ్లైండ్ కిటికీ గూటి లోపలా, బయట గోడ మీదా అని.

లోపలైతే వెడల్పు మూడు చోట్ల కొలవండి: పైన, మధ్యన, కింద. మన కట్టడాల్లో ఆ మూడూ ఒక్కటి కావడం అరుదు. ఉదాహరణకు 107, 106.4, 106.8 వచ్చాయనుకోండి. చిన్నదే తీసుకోవాలి, 106.4. అందులోంచి 1 సెంటీమీటరు తగ్గించండి, ఆడటానికి చోటుండాలి. బ్లైండ్ వెడల్పు 105.4. రెండు పక్కలా మడతకు 5 చొప్పున కలిపితే కావాల్సిన గుడ్డ 115.4 సెంటీమీటర్లు. ఇప్పుడు పన్నా చూడండి. 44 అంగుళాలంటే 111.8, చాలదు. 48 అంగుళాలంటే 121.9, సరిపోతుంది. షాపువాడు చెప్పే ముందే ఈ లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఎత్తు కూడా మూడు చోట్ల కొలిచి చిన్నదే తీసుకోండి. తర్వాత మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ సమానం కాకపోతే గూడు వంకరగా ఉన్నట్టు. తేడా 1 సెంటీమీటరు దాటితే లోపల వేయకండి, బ్లైండ్ ఒక పక్క గోడకు రాసుకుంటుంది. మన వీధిలోనే ఒక ఇంట్లో పై కొలత ఒక్కటే తీసి కుట్టించారు. బ్లైండ్ సగం దిగి ఆగిపోయింది, గుడ్డ మొత్తం దండగ. స్లైడింగ్ కిటికీ గొళ్ళెం, దోమల జాలీ లోపలికి ఎంత పొడుచుకు వచ్చాయో కూడా చూడండి.

బయట గోడ మీదైతే గూటికి రెండు పక్కలా 10 సెంటీమీటర్లు, పైన 15 కలపండి. ఎదురిల్లు దగ్గరున్న మన గల్లీలకు ఇదే నయం, సందుల్లోంచి కనిపించదు. పైకి ఎత్తినప్పుడు మడతల కట్ట ఎక్కువ భాగం గోడ మీదే ఉంటుంది, అద్దాన్ని పెద్దగా మూయదు, గాలి వస్తుంది.

ఇక మడత లెక్క. కింది భాగం ఒక వంతు, దాని పైనున్న ప్రతి భాగం రెండు వంతులు. మూడు కడ్డీలు పెడితే మొత్తం 1, 2, 2, 2 కలిపి 7 వంతులు. ఎత్తు 145 అనుకోండి. పై పట్టీ దగ్గర తాళ్ళకూ రింగులకూ 5 వదలండి. మిగిలిన 140ని 7తో భాగిస్తే 20. కింది అంచు నుంచి మొదటి కడ్డీ 20 దగ్గర, రెండోది 60 దగ్గర, మూడోది 100 దగ్గర. ఎత్తినప్పుడు 40 సెంటీమీటర్ల భాగాలు సగానికి మడిసి 20 అవుతాయి, కింది భాగమూ 20, అన్ని అంచులూ ఒక వరుసలో నిలుస్తాయి. దర్జీ కాగితం మీద ఈ అంకెలు మీరే రాసివ్వండి. కడ్డీ జేబులు లైనింగులో కుడతారు, ఒక్కో జేబుకు 6 సెంటీమీటర్ల చొప్పున లైనింగు పొడవు ఎక్కువ తీసుకోవాలి.

బిగించేటప్పుడు లెవెల్ పెట్టి గీత గీయండి. డ్రిల్ వేసే ముందు గోడలో కరెంటు వైరు ఎటు పోయిందో చూసుకోండి. గిట్టీ పెట్టి స్క్రూ బిగించండి. ఉత్త మేకు మన గోడల్లో వానాకాలం దాటదు. పెచ్చులూడే గోడ అయితే ముందు సిమెంటు పూయించి, ఆరాకే బిగించండి.

తాడు: పిల్లలున్న ఇల్లు

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ చివరి భాగం. 2009 డిసెంబరు 15న అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఆ దేశంలోని సుమారు 5 కోట్ల రోమన్, రోలప్ బ్లైండ్లను సరిచేయించుకోమని ప్రకటించింది. గుడ్డ చిరిగినందుకు కాదు. పసిపిల్లలు వెనక తాళ్ళలో మెడ చిక్కుకుని చనిపోయారు. బ్లైండ్ దించి ఉన్నప్పుడు కూడా వెనక రింగుకూ రింగుకూ మధ్య తాడు వేలాడుతుంది. పిల్లవాడు గుడ్డ వెనక దూరి, ఆ తాడు మెడకు పడితే అరవడానికి కూడా కుదరదు. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. పక్కగదిలో ఉన్నవారికి చప్పుడు వినపడదు.

ఆ తర్వాత బ్రిటన్‌లో, ఐరోపాలో 2014లో నియమాలు బిగించారు. లాగే తాడు ఉచ్చు నేల నుంచి 1.5 మీటర్ల పైనే ఉండాలి. వెనక తాళ్ళు 6 కిలోల బరువు పడితే వాటంతటవే విడిపోవాలి. అమెరికాలో షాపులో రెడీగా దొరికే బ్లైండ్లకు 2018 చివరి నుంచి, కొలిచి చేయించే వాటికి 2024 జూన్ నుంచి పిల్లల చేతికి అందే తాడు లేకుండా చేయాలన్న ప్రమాణం వచ్చింది.

మన ఇళ్ళు చిన్నవి. మంచం కిటికీ కిందే ఉంటుంది. మంచం ఎక్కితే మూడేళ్ళ పిల్లకు తాడు అందుతుంది. విదేశాల్లో విశాలమైన గదుల్లో జరిగింది మన పది బై పన్నెండు గదిలో జరగదనుకోకూడదు. ఇక్కడ ఇంకా తేలిక. కాబట్టి:

చిన్న పిల్లలున్న ఇంట్లో, మనవలు సెలవులకు వచ్చే ఇంట్లో, తాడు లేని స్ప్రింగు రకమే అడగండి. కాస్త ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. గుడ్డలో తగ్గించుకోండి.

తాడు రకమే వేయిస్తే, గోడకు తాడు చుట్టే కొక్కెం నేల నుంచి 1.5 మీటర్ల పైన బిగించండి, ప్రతిసారీ తాడు దానికి చుట్టండి. ఉచ్చు అడుగున లాగితే విడిపోయే క్లిప్పు పెట్టించండి. వెనక తాళ్ళు కూడా బరువు పడితే ఊడే రింగులతోనే కుట్టమనండి.

బ్లైండ్ ఉన్న కిటికీ కింద మంచం, ఉయ్యాల, స్టూలు, ట్రంకుపెట్టె ఉంచకండి. చోటు లేదంటే ఆ కిటికీకి మామూలు పరదా వేయండి. పరదా తక్కువేం కాదు.

మన దర్జీలు, సాంచెలు ఆగిపోయి వేరే పని వెతుక్కుంటున్న మన కుర్రాళ్ళు ఈ పని నేర్చుకుంటే మంచిదే. పన్నా, పడుగు, పురి తెలిసినవాడికి మిగతాది రెండు వారాల పని. అయితే నేర్చుకునేటప్పుడు మడత లెక్కతో పాటు తాడు సంగతి కూడా నేర్చుకోవాలి. కొన్నవాళ్ళకు అది చెప్పి బిగించాలి.

ఇప్పటికే బ్లైండ్లు వేయించుకున్నవాళ్ళకు ఒక్క మనవి. ఈ సాయంత్రం టేపు తీసుకుని మీ ఇంటి తాడు చివర నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. 1.5 మీటర్ల కన్నా కింద ఉంటే రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే పైకి కట్టేయండి. కొక్కెం బిగించడానికి డ్రిల్ కావాలంటే మా దగ్గర ఉంది, వచ్చి తీసుకెళ్ళండి.